మంచు కరవైన దేశం మంచు ఆటలకు నియమాలు కూర్చిన వైనం

మన కోసాడ్‌లో జనవరి మాసపు తెల్లవారుజామున సైతం ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల దరిదాపులలోనే ఉంటుంది. ఆ మాత్రం చలికే మనం పెట్టె అడుగున దాచిన స్వెట్టర్లను వెలికి తీస్తాము. అటువంటి ఊరిలో ఉండి మంచుపై జారే ఆటల చరిత్రను ముచ్చటించుకొనడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. అయితే ఈ చరిత్రకూ మనకూ ఒక ముడి ఉన్నది. నేడు శీతాకాల ఒలింపిక్ క్రీడలలో ‘స్లాలం’ అనే పోటీని కోట్లాది జనం టెలివిజన్‌లో తిలకిస్తున్నారు. మంచు వాలుపై పాతిన కర్రల నడుమ మెలికలు తిరుగుతూ క్రిందికి దూసుకు వచ్చే పోటీ అది. దానికి ఆధునిక రూపం ఇచ్చిన వ్యక్తి ఆల్ప్స్ పర్వతాలలో పుట్టలేదు, నార్వేలో పుట్టలేదు. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు పాలనా కేంద్రంగా ఉండిన మద్రాసు నగరంలో, 1888 ఏప్రిల్ 18న జన్మించాడు.

ఆయన పేరు ఆర్నాల్డ్ లన్. జాతిరీత్యా ఆంగ్లేయుడు. ఇంగ్లండులో హిమపాతం అరుదుగానే ఉంటుంది. పడినా నాలుగు రోజులు నిలువదు. స్కాట్లండు కొండలలో కొంత మెరుగే గాని, నార్వే, స్విట్జర్లండులతో పోల్చదగినది కాదు. ఇటువంటి దేశం మంచు ఆటలు అనేకానికి నియమావళి ఎట్లు కూర్చగలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం క్రీడాభిమానులకే కాక, కొలతతోను, ప్రమాణంతోను నిత్యం పనిపడే మనవంటి ఉద్యోగులకు కూడా ఆసక్తి కలిగిస్తుందని నా విశ్వాసం.

ఎముకల నుండి ఇనుము దాకా

బ్రిటన్‌లో మంచుపై ఆటను గురించిన ప్రసిద్ధమైన తొలి వర్ణన 12వ శతాబ్దం నాటిది. విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అనే రచయిత, 1170వ దశకంలో లండన్ నగరాన్ని వర్ణిస్తూ, నగరపు ఉత్తరపు గోడను ఆనుకొని ఉన్న చిత్తడి నేల గడ్డకట్టినప్పుడు యువకులు జంతువుల కాలి ఎముకలను పాదాలకు కట్టుకొని, ఇనుప మొన గల కర్రలతో నేలను పొడుస్తూ జారేవారని వ్రాశాడు. ఎముక నునుపుగా ఉంటుంది గాని దానికి అంచు ఉండదు. అందువలన కాలితో మంచును ప్రక్కకు నెట్టి ముందుకు సాగడం సాధ్యం కాదు, చేతికర్ర తప్పనిసరి.

ఇనుప అంచు గల స్కేట్లు డచ్చివారి నుండి వచ్చాయి. ప్రవాసం నుండి 1660లో తిరిగి వచ్చి సింహాసనమెక్కిన రెండవ చార్లెస్ కాలంలో వాటికి లండన్‌లో ప్రాచుర్యం కలిగింది. 1662 డిసెంబరు 1న సెయింట్ జేమ్స్ ఉద్యానంలో జనం స్కేట్లతో జారుతుండగా చూచినట్లు శామ్యూల్ పెప్స్ తన దినచర్యలో నమోదు చేశాడు. ఆ రోజులలో థేమ్స్ నది కొన్ని చలికాలాలలో పూర్తిగా గడ్డకట్టేది. 1683–84 శీతాకాలంలో నది మీదనే అంగళ్ళు వెలసి పెద్ద సంత జరిగింది. అటువంటి సంతలలో చివరిది 1814 ఫిబ్రవరిలో జరిగింది. తదుపరి పాత లండన్ వంతెనను పడగొట్టడం వలన, కరకట్టల నిర్మాణం వలన నదీ ప్రవాహం వేగాన్ని పుంజుకొన్నది. వాతావరణం కూడా కొంత వేడెక్కింది. నది మరల ఆ విధంగా గడ్డకట్టలేదు.

ఆట ఉన్నచోట చిన్నదో పెద్దదో ఒక సంఘం, సంఘం ఉన్నచోట ఒక ప్రవేశ పరీక్ష ఏర్పడడం బ్రిటిష్ వారి అలవాటు. 18వ శతాబ్దంలోనే ఎడింబరో నగరంలో ఒక స్కేటింగ్ క్లబ్ వెలసింది. అందులో చేరగోరేవారు ఏ కాలిమీదనైనా పూర్తి వలయం తిరిగి చూపాలి. పిదప మంచుపై పెట్టిన ఒక టోపీని, తరువాత రెండింటిని, ఆ తరువాత మూడింటిని దూకాలి. ‘బాగా జారగలడు’ అనే మాటకు కొలబద్ద దొరికినట్లయింది. 1772లో రాబర్ట్ జోన్స్ స్కేటింగ్‌పై ఆంగ్లంలో తొలి గ్రంథాన్ని ప్రచురించాడు. గురువు ప్రక్కన లేకపోయినా విద్య పుస్తకరూపంలో నిలిచే ఏర్పాటు ఆ విధంగా జరిగింది.

కూలి లేని రోజుల పందేలు

తూర్పు ఇంగ్లండులో కేంబ్రిడ్జికి ఉత్తరంగా ‘ఫెన్స్’ అనే పల్లపు ప్రాంతం ఉన్నది. చలికాలంలో అక్కడి పచ్చిక బయళ్ళపై నీరు లోతు లేకుండా పరచుకొని నిలుస్తుంది. లోతు తక్కువ గనుక త్వరగా గడ్డకడుతుంది. పెచ్చు విరిగినా ప్రాణాపాయం తక్కువ. అయితే నేల గడ్డకట్టిన రోజులలో వ్యవసాయ కూలీలకు పని ఉండదు, కూలి ఉండదు. ఆ రోజులలోనే స్కేటింగ్ పందేలు జరిగేవి. పందెం గెలిచినవారికి బహుమానంగా మాంసం, పిండి, రొట్టె, కొంత రొక్కం ఇచ్చేవారు. అనగా మనం నేడు వినోదంగా భావించే ఈ క్రీడ ఆ పల్లెలలో ఒక ఇంటి పొయ్యి వెలిగే మార్గంగా ఉండినది.

పందెపు పద్ధతి చాల సులభమైనది. తిన్నని దారికి రెండు చివరల పీపాలు నిలిపేవారు. ఇద్దరిద్దరు చొప్పున పరుగెత్తి పీపాలను చుట్టి రావాలి, ఓడినవాడు తప్పుకోవాలి. అయితే ఊరికొక దూరం, ఊరికొక పద్ధతి, గడియారం పట్టేవాని నిజాయితీపై అనుమానం సర్వసాధారణం. ఈ అవ్యవస్థను సరిదిద్దడానికి 1879 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి పట్టణంలో జాతీయ స్కేటింగ్ సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరులో థార్నీ గ్రామంలో జరిగిన తొలి జాతీయ పోటీలో ‘ఫిష్’ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన జార్జ్ స్మార్ట్ విజేతగా నిలిచాడు. వెల్నీ గ్రామానికి చెందిన ఈ స్మార్ట్ కుటుంబంవారు వ్యవసాయ కూలీలు. 1892లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య వెలసినప్పుడు దాని స్థాపక సభ్యులలో ఈ సంఘం ఒకటి.

అదే ప్రాంతంలో, మంచుపై వంపు కర్రలతో బంతిని కొట్టే ‘బాండీ’ ఆట కూడా పెరిగింది. చార్లెస్ టెబట్ అనే ఆటగాడు 1882లో దాని నియమాలను అచ్చు వేయించాడు. నియమాలు కాగితంపైకి ఎక్కినందువలన ఆట సముద్రం దాటగలిగింది. నేడు బాండీకి ఎక్కువ ఆదరణ స్వీడన్, రష్యా దేశాలలో ఉన్నది.

స్కాట్లండు వారి ‘కర్లింగ్’ చరిత్ర కూడా ఈ కోవలోనిదే. సుమారు 18 నుండి 20 కిలోల బరువు గల నున్నని రాతిని మంచుపై జార్చి గురికి చేర్చే ఆట అది. స్టెర్లింగ్ దగ్గర దొరికిన ఒక ఆటరాతిపై 1511 అనే సంవత్సరం చెక్కి ఉన్నది. మూడు శతాబ్దాల పాటు ఊరూరా వేరువేరు ఆకారాల రాళ్ళతో, వేరువేరు లెక్కలతో సాగిన ఈ ఆటకు 1838లో ఎడింబరోలో ఏర్పడిన గ్రాండ్ కెలెడోనియన్ కర్లింగ్ క్లబ్ ఏకరీతిని కల్పించింది. 1842లో విక్టోరియా రాణి స్కోన్ రాజభవనానికి విచ్చేసినప్పుడు మంచు లేదు. అందువలన నాట్యశాల నున్నని చెక్క నేలపైనే రాళ్ళు జార్చి ఆమెకు ఆటను ప్రదర్శించారు! మరుసటి సంవత్సరం ఆ క్లబ్బుకు ‘రాయల్’ అనే గౌరవ నామం లభించింది.

గొట్టాలలో పుట్టిన మంచు

ప్రకృతి మంచు ఇవ్వకపోతే యంత్రం చేత ఇప్పించుకొనవచ్చునన్న ఆలోచన 1840వ దశకంలోనే లండన్‌లో మొలకెత్తింది. నాటి ప్రయత్నంలో గడ్డకట్టిన నీరు వాడలేదు. పందికొవ్వు, లవణాల మిశ్రమంతో ఒక నేలను తయారు చేశారు. దాని దుర్గంధం భరించలేక జనం త్వరలోనే ముఖం చాటేశారు.

నిజమైన మంచును యంత్రంతో సృష్టించినవాడు జాన్ గామ్‌జీ. ఆయన పశువైద్యుడు. ఆస్ట్రేలియా, న్యూజిలండుల నుండి మాంసం చెడిపోకుండా తెప్పించే మార్గం వెదకుతూ శీతలీకరణలోకి ప్రవేశించాడు. 1876 జనవరి 7న లండన్‌లోని చెల్సీ ప్రాంతంలో ‘గ్లేసియారియం’ పేరుతో ఒక చిన్న రింక్ తెరచాడు. కొద్ది నెలలలో దానిని 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల స్థిరమైన రింక్‌గా మార్చాడు. అడుగున కాంక్రీటు, దానిపై మట్టి, ఆవు వెంట్రుకలు, చెక్క పలకలు పొరలు పొరలుగా పరచాడు. నేలలోని వేడి పైకి రాకుండా అవి అడ్డుకొంటాయి. వాటిపై అండాకారపు రాగి గొట్టాలు అమర్చి, వాటి గుండా గ్లిజరిన్, ఈథర్ తదితరాలు కలిసిన చల్లని ద్రావణాన్ని పంపుతో త్రిప్పాడు. గొట్టాలను ముంచుతూ పోసిన నీరు గడ్డకట్టి ఆటస్థలమైంది.

యంత్రశాలలలో పనిచేసే మన సహోద్యోగులకు ఈ సూత్రం కొత్తది కాదు. సున్నా డిగ్రీల కంటె చల్లగా ఉండి కూడా తాను గడ్డకట్టని ద్రవాన్ని వాహకంగా వాడి, వేడిని ఒకచోట గ్రహించి మరొకచోట వదలిపెట్టడమే ఇందులోని కీలకం. మన చేపల రేవుల వద్ద మంచుదిమ్మలు తయారుచేసే ఐస్ ఫ్యాక్టరీలలో ఉప్పునీరు చేసే పని అదే. అయితే గామ్‌జీ రింక్ ఆర్థికంగా నిలువలేదు. మంచు నుండి లేచే పొగమంచు గదిని క్రమ్ముకొని ఖాతాదారులను బెదరగొట్టింది. వ్యాపారం దెబ్బతిన్నా విధానం మిగిలింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో, అవి వేసవి క్రీడలే అయినప్పటికీ, స్కేటింగ్ పోటీలను నైట్స్‌బ్రిడ్జ్‌లోని కృత్రిమ రింక్‌పై అక్టోబరు మాసంలో నిర్వహించగలిగారు.

రోగుల వెంట ఆల్ప్స్‌కు

స్కేటింగ్‌కు గడ్డకట్టిన మడుగు చాలు. స్కీయింగ్‌కు పర్వతం కావాలి. ఆ పర్వతానికి ఆంగ్లేయులను చలికాలంలో తీసుకుపోయినది ప్రధానంగా క్షయవ్యాధి. మందులు లేని ఆ కాలంలో పొడిగా, చల్లగా ఉండే కొండగాలి క్షయరోగులకు మేలు చేస్తుందని వైద్యులు నమ్మేవారు. స్విట్జర్లండులోని డావోస్ పట్టణం ఆ విధంగా ఆరోగ్య కేంద్రమైంది. 1877లో అక్కడికి చేరిన జాన్ ఆడింగ్టన్ సైమండ్స్ అనే రచయిత, స్థానికుల చక్క బండ్లతో 1883లో అంతర్జాతీయ టొబాగన్ పోటీని ఏర్పాటు చేశాడు. సమీపంలోని సెయింట్ మోరిట్జ్‌లో 1884–85 శీతాకాలంలో ప్రసిద్ధమైన ‘క్రెస్టా’ జారుడు మార్గం రూపొందింది.

షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ కూడా భార్య క్షయవ్యాధి కారణంగానే డావోస్ చేరాడు. 1894 మార్చిలో అక్కడి బ్రాంగర్ సోదరులిద్దరితో కలిసి స్కీలపై కనుమ దాటి ఆరోసా గ్రామం చేరాడు. ఆ అనుభవాన్ని అదే సంవత్సరం డిసెంబరులో స్ట్రాండ్ పత్రికలో వ్రాస్తూ, వందలాది ఆంగ్లేయులు స్కీయింగ్ కోసం స్విట్జర్లండు వచ్చే కాలం రానున్నదని జోస్యం చెప్పాడు. తొమ్మిదేళ్ళు తిరుగకముందే, 1903 మే 6న లండన్‌లోని కఫే రాయల్‌లో గ్రేట్ బ్రిటన్ స్కీ క్లబ్ ఆవిర్భవించింది. 1907లో స్కాట్లండుకు ప్రత్యేకంగా ఒక స్కీ క్లబ్ ఏర్పడింది.

మద్రాసులో పుట్టిన స్లాలం పితామహుడు

ఆర్నాల్డ్ తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు వైద్య మిషనరీగా 1887లో మన దేశానికి వచ్చాడు. ఆరోగ్యం సహకరించక ఏడాది తిరిగేసరికి కుటుంబంతో స్వదేశం చేరాడు. అనంతరం స్విట్జర్లండుకు మతసమావేశాలు, యాత్రలు ఏర్పాటు చేస్తూ పెద్ద పర్యాటక సంస్థకు అధిపతి అయ్యాడు. ఆ విధంగా బాల్యం నుండే ఆర్నాల్డ్‌కు మంచుకొండలతో పరిచయం కలిగింది.

1909లో వేల్స్‌లో కొండ ఎక్కుతూ ఆర్నాల్డ్ పడిపోయాడు. కుడికాలు నుజ్జయి, రెండు అంగుళాలకు పైగా కురచ అయింది. గాయం సంవత్సరాల తరబడి మానలేదు. అటువంటి కాలితోనే ఆయన పర్వతాలలో స్కీయింగ్ కొనసాగించాడు. 1911 జనవరిలో స్విట్జర్లండులోని మోంటానాలో, హిమానీనదం మీది నుండి పల్లెదాకా, ఎవరు ముందు దిగుదురో చూచే పోటీ నిర్వహించాడు. దాని కప్పును బహూకరించినది ఫీల్డ్ మార్షల్ లార్డ్ రాబర్ట్స్. కాన్పూరులో పుట్టి, 1881 నుండి మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసి, కాబూల్ నుండి కాందహారుకు సాగించిన దండయాత్ర వలన ‘కాందహార్’ బిరుదు పొందిన సేనాని ఆయన. ఆ కారణంగా ఆ కప్పుకూ, 1924లో మ్యూరెన్‌లో స్థాపించిన స్కీ క్లబ్బుకూ, 1928లో ఆస్ట్రియాలో ఆరంభమైన పోటీకీ కాందహార్ పేరే స్థిరపడింది. ఎండమావుల కాందహార్ ఎక్కడ, ఆల్ప్స్ ఎక్కడ!

స్లాలం అనే మాట నార్వే భాష నుండి వచ్చింది. ఆర్నాల్డ్‌కు ముందు వాలుపై మలుపులు తిరిగే పోటీలలో న్యాయనిర్ణేతలు వంపుసొంపులు చూచి మార్కులు వేసేవారు. ఈ పద్ధతిలో ఇద్దరు న్యాయనిర్ణేతలకు ఏకాభిప్రాయం కుదరడం కష్టం. 1922 జనవరిలో మ్యూరెన్‌లో ఆయన జంట కర్రలతో ద్వారాలు ఏర్పరచి, ప్రతి ద్వారం గుండా దాటి, తక్కువ సమయంలో క్రిందికి చేరినవారే విజేత అని నిర్ణయించాడు. మలుపు అందంగా ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. మలుపు ఉపయోగపడినదా అన్నదే ప్రశ్న. దానికి గడియారమే సాక్షి.

ఈ మార్పును స్కాండినేవియా దేశాలు తేలికగా అంగీకరించలేదు. సమతలంపై దూరప్రయాణము, ఎత్తు నుండి దూకుట మాత్రమే అసలైన స్కీయింగ్ అని వారి అభిప్రాయం. వారిది వేల సంవత్సరాల వారసత్వం. ఆంగ్లేయులది సెలవులకు వచ్చిపోయే అతిథుల అనుభవం. అయినప్పటికీ 1930లో ఓస్లోలో జరిగిన అంతర్జాతీయ స్కీ సమాఖ్య సమావేశం డౌన్‌హిల్, స్లాలం పోటీలకు గుర్తింపు ఇచ్చింది. 1931లో మ్యూరెన్‌లో ఈ విభాగాల తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. 1936లో అవి ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించాయి. ఆర్నాల్డ్ లన్ 1952లో ‘సర్’ బిరుదు పొంది, 1974లో కన్నుమూశాడు.

తలుపు తెరచేది, మూసేది

ఇంతవరకు నియమాల గొప్పను చెప్పుకొన్నాము. నియమానికి రెండవ ముఖం కూడా ఉన్నది. 1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీలో మాడ్జ్ సైయర్స్ అనే మహిళ పురుషుల సరసన పాల్గొన్నది. స్త్రీలు రాకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. అంతకు ముందు ఎవరూ రాలేదు కనుక ఆ మాట వ్రాయవలసిన అవసరం కలుగలేదు, అంతే. ఆమె స్వీడన్‌కు చెందిన ఉల్రిక్ సాల్కో తరువాత ద్వితీయ స్థానం సంపాదించింది. మరుసటి సంవత్సరమే స్త్రీల ప్రవేశాన్ని నిషేధిస్తూ సమాఖ్య నియమం చేసింది. 1906లో స్త్రీలకు ప్రత్యేక పోటీ ఏర్పడగా ఆమె గెలిచింది. 1908 ఒలింపిక్స్‌లోనూ స్వర్ణపతకం పొందింది.

దీనికి భిన్నంగా 1931 మ్యూరెన్ పోటీలలో ఆరంభం నుండే స్త్రీలకు స్థానం కల్పించారు. ఎడింబరోలో జన్మించిన ఎస్మీ మెకినన్ డౌన్‌హిల్, స్లాలం రెండింటిలోనూ విజేత అయింది. 1936 ఒలింపిక్స్‌లోనూ అదే మర్యాద పాటించారు. పాత వారసత్వం గల దూరప్రయాణ స్కీయింగ్‌లో స్త్రీలకు ఒలింపిక్ ప్రవేశం 1952లో గాని లభించలేదు. మరొక వంక, హెన్రీ లన్ యాత్రికుల కోసం ఏర్పడిన ఆల్పైన్ క్రీడాసంఘంలో సభ్యత్వం పేరున్న విద్యాసంస్థలలో చదివినవారికే పరిమితమై ఉండేది. ఫెన్స్ పల్లెల స్మార్ట్ సోదరులవంటి వారికి అక్కడ చోటు లేదు. గడియారానికి కులగోత్రాలు తెలియవు. గడియారం ముందు నిలబడే అర్హత ఎవరికున్నదో నిర్ణయించేది మాత్రం మనుష్యులే.

మన దేశం, మన పిల్లలు

ఈ గాలి మన దేశానికీ సోకింది. సిమ్లాలో 1920లో సహజమైన చలితో గడ్డకట్టే స్కేటింగ్ రింక్ ఏర్పడింది. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు గుల్‌మార్గ్‌లో స్కీ క్లబ్ స్థాపించారు. 1964లో ఇన్స్‌బ్రక్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశం తరఫున శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న ప్రథముడయ్యాడు. 2022 బీజింగ్ క్రీడలలో మన దేశపు ఏకైక క్రీడాకారుడుగా నిలిచిన ఆరిఫ్ ఖాన్ గుల్‌మార్గ్ ప్రాంతపు కాశ్మీరీ. ఆయన పాల్గొన్న రెండు పోటీలలో ఒకటి, మద్రాసులో పుట్టిన మనిషి రూపుదిద్దిన స్లాలం!

మంచు ఎన్నడూ చూడని ప్రాంతాల పిల్లలకు చక్రాల స్కేట్లు ఉన్నవి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ కళాత్మక రోలర్ స్కేటింగ్‌లో వ్యక్తిగత కాంస్యం సాధించాడు. గుజరాతుకు చెందిన అవనీ పాంచాల్‌తో జంటగా మరొక కాంస్యం కూడా గెలిచాడు. గుజరాతు గడ్డపై స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇంతకంటె తీపి కబురు ఏముంటుంది? మంచుపై చేసే విన్యాసాలనే ఈ ఇద్దరూ చక్రాలపై, గట్టి నేలపై చేసి చూపారు.

త్వరలో వార్షిక క్రీడోత్సవాల సన్నాహాలు మొదలవుతాయి. పోటీల పట్టిక తయారు చేసే మిత్రులకు, పిల్లలను ప్రోత్సహించే తల్లులకు ఈ చరిత్ర నుండి ఒక చిన్న విజ్ఞప్తి. మైదానం చిన్నదని, సదుపాయాలు లేవని చింతించవద్దు. నాట్యశాలలోనే రాణికి రాతి ఆటను చూపినవారు ఉన్నారు. దూరం సరిగా కొలవండి, గడియారం నమ్మకస్తుని చేతికి ఇవ్వండి, నియమాలను ముందుగానే తెలుగు, గుజరాతీ, హిందీ భాషలలో నోటీసు బోర్డుపై అతికించండి. అతికించే ముందు ఒక్కసారి తీరికగా చదివి, ఆ కాగితం వలన ఎవరు ఆటకు రాలేకపోతున్నారో కూడా చూడండి. గృహిణులా, కాంట్రాక్టు కార్మికుల పిల్లలా, కాలు కురచైనవారా? ఆ పేర్లు చేర్చడానికి ఒక్క పంక్తి చాలు.